మౌంట్ టారెంట్: నలభై ఒకటో పేజీ

నార్ఫోక్, వర్జీనియా
1971 ఫిబ్రవరి 9

తమ్ముడు మెర్విన్‌కి,

మీ ఓడ సంఘం వార్తాపత్రం ఈ ఉదయం నా చేతిలో పడింది. మా ఇంటికి పంపారనుకునేవు. మా ఇంటికి ఎవడు పంపుతాడు? మీ సంఘం అధ్యక్షుడు గేట్‌వుడ్ తన పాత యూనిఫాం నడుము దగ్గర వదులు చేయమని నా కుట్టుకొట్టుకి తెచ్చి, దాని జేబులో మర్చిపోయి వెళ్ళాడు.

మౌంట్ టారెంట్‌ని పాత ఇనుము కింద కోసేస్తున్నారట. కోయనీ. ఆ ఓడ చరిత్ర పుస్తకంగా వేస్తున్నారట. వేయనీ. రాసేది కెప్టెన్ ఆఫీసులో గుమాస్తాగా చేసిన మెర్విన్ పికార్డ్ అని చూసి, మా తమ్ముడే కదా అని గర్వపడబోయాను. కింద మచ్చుకి ఒక పేజీ వేశారు. నలభై ఒకటో పేజీ. నువ్వు రాసిందే, అయినా నీకే మళ్ళీ రాస్తున్నాను, చదువుకో:

"1951 అక్టోబరు 13. కొరియా తూర్పు తీరాన మన సైనికులను దించిన రోజు. బోట్లు అనుకున్నదానికన్నా ముందే ఒడ్డు చేరుతున్నాయి, కాల్పులు ఆపండి అన్న సందేశాన్ని రేడియో ఆపరేటరు వెండెల్ స్ట్రౌడ్ నిర్లక్ష్యం వల్ల అరగంట ఆలస్యంగా అందుకున్నాము. మన ఓడల గుళ్ళే మన బోట్ల మీద పడి పందొమ్మిది మంది చనిపోయారు."

వెండెల్ స్ట్రౌడ్ ఎవరో గుర్తుచేయాలా? నా మొగుడు. నీ బావ. నువ్వు నేవీలో చేరిన కొత్తలో పదిమందిని బతిమాలి నిన్ను తన ఓడ మీదికి వేయించుకున్న మనిషి. ఆ రోజు తర్వాత కోర్టు పెట్టి, హోదా తగ్గించి, చేతి మీది రెండు పట్టీలు తీసేశారు. ఆయన చేతి మీద నేను కుట్టిన పట్టీల్ని నేనే, ఈ బల్ల మీదే, నా కత్తెరతోనే ఊడదీశాను. తర్వాత పదహారేళ్ళు బతికాడు. ఊరంతా నావికులే ఉన్న ఊళ్ళో ఒక్కడూ ఆయన పక్కన కూర్చుని కాఫీ తాగలేదు. నాలుగేళ్ళ కిందట పోతే శవపేటిక మోయడానికి ఓడవాళ్ళు ఒక్కరు రాలేదు. నువ్వు శాన్‌డియాగో నుంచి పూలు పంపి చేతులు దులుపుకున్నావు.

మనిషి ఎలాగూ పోయాడు. ఈ పుస్తకం ఆరువందల ఇళ్ళకి పోతుంది, నేవీ గ్రంథాలయాల్లో ఉంటుంది, మనందరం మట్టిలో కలిశాక కూడా ఉంటుంది. ఆ వాక్యం తీసెయ్. తీసేశానని రాసేదాకా నాకు నిద్ర పట్టదు, నీకూ పట్టనివ్వను.

మీ అక్క,
ఒలీటా


శాన్‌డియాగో, కాలిఫోర్నియా
1971 ఫిబ్రవరి 20

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందింది. నీ బాధ నాకు తెలియనిది కాదు. కానీ చరిత్ర రాయడమంటే కత్తి మీద సాము. ఎవరి బాధా చూడకూడదు, ఎవరి మెప్పూ చూడకూడదు.

నేనెంత బరువు మోస్తున్నానో నీకు తెలిస్తే కోప్పడవు. 1944లో సరుకుల ఓడగా కడుతున్నదాన్ని సగంలో ఆపి, సేనాధిపతులు కూర్చుని ఆజ్ఞలిచ్చే ఓడగా మార్చారు. దాని మీద చెప్పుకోదగ్గ ఫిరంగి లేదు. ఉన్నదంతా యాంటెనాలే. బట్టలారేసే తీగలతో నిండిన పెరడులా ఉందని మిగతా ఓడలవాళ్ళు మమ్మల్ని ఎగతాళి చేసేవారు. ఆ తీగల్లోంచి పోయిన మాటల మీదే ఒకినావాలో పన్నెండువందల ఓడలు కదిలాయి. తర్వాత చైనా తీరం, కొరియా, లెబనాన్, వియత్నాం. ఎక్కడ సైన్యాన్ని ఒడ్డున దించినా, ఎప్పుడు దిగాలో, ఎప్పుడు కాల్చాలో, ఎప్పుడు ఆపాలో చెప్పింది మా ఓడే. పాతికేళ్ళు. అదంతా నూట అరవై పేజీల్లో పెట్టాలి. ముందుమాట అడ్మిరల్ హోల్‌కాంబ్‌గారే రాస్తున్నారు. కొరియా రోజుల్లో మా ఓడ మీద లెఫ్టినెంటు, రేడియో సందేశాల బాధ్యత ఆయనదే. అక్టోబరులో నార్ఫోక్‌లో జరిగే ఓడవాళ్ళ కలయికకి కూడా వస్తున్నారు.

నలభై ఒకటో పేజీ సంగతి. కోర్టు తేల్చినదాన్ని నేను మార్చలేను కదా. కావాలంటే "నిర్లక్ష్యం" తీసేసి "పొరపాటు" అని వేస్తాను. అంతకన్నా నా చేతుల్లో లేదు.

మా ఆవిడ నడీన్ నిన్ను అడిగానని చెప్పమంది. నా గుండె ఈమధ్య అంత బాగాలేదు.

నీ తమ్ముడు,
మెర్విన్


నార్ఫోక్
1971 మార్చి 1

మెర్విన్‌కి,

నిర్లక్ష్యం తీసి పొరపాటు వేస్తావా? ఎంత దయ నాయనా! చెంపదెబ్బ కొట్టి, ఎడమచేత్తో కొట్టాను కాబట్టి మెల్లగానే తగిలుంటుంది అన్నట్టుంది.

కోర్టు తేల్చిందన్నావు. ఏం తేల్చిందో నా కళ్ళతో నేను చూస్తాను. చనిపోయిన నావికుడి భార్య అడిగితే కోర్టు కాగితాల నకళ్ళు ఇస్తారట. నా దగ్గర బటన్లు కుట్టించుకునే లీగల్ ఆఫీసు అమ్మాయి చెప్పింది. దరఖాస్తు వాషింగ్టన్‌కి పంపేశాను.

మీ బావ కోర్టులో ఒక్కటే మాట అన్నాడు. "ఆ లాగ్‌బుక్ పేజీ నాది కాదు" అని. ఆయన తరఫున మాట్లాడ్డానికి ఇచ్చింది సామాన్ల గది అధికారిని. అతగాడు బంగాళదుంపల బస్తాలు తప్ప ఏమీ ఎరగడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు నేను పట్టించుకుంటాను.

ఒలీటా


శాన్‌డియాగో
1971 మార్చి 9

అక్కా,

కోర్టు కాగితాలు ఇప్పుడెందుకు? ఇరవై ఏళ్ళనాటి పుండు గెలుక్కుంటే నీకు తప్ప ఎవరికి నొప్పి? చదివితే ఇంకా బాధపడతావు. చనిపోయిన పందొమ్మిది మంది పేర్లు వాటిలో ఉంటాయి. వాళ్ళ అమ్మలు కూడా నీలాంటివాళ్ళే.

బావ మంచివాడు. కానీ ఆ వారం సరిగ్గా నిద్రలేదు. నేను కళ్ళారా చూశాను, కుర్చీలోనే తూలుతున్నాడు. ఆ సందేశం పంపిన బోటు మునిగింది, అందులో ఒక్కడూ మిగల్లేదు. పంపిన టైము సందేశంలోనే ఉంది గానీ, మన ఓడకి అది ఎన్నింటికి అందిందో చెప్పేవాళ్ళు లేరు. ఇక మిగిలింది, వచ్చిన ప్రతి సందేశాన్నీ టైముతో ఎక్కించే లాగ్‌బుక్కే. దాంట్లో 6:21 అని శుభ్రంగా ఉంది. దయచేసి ఆ దరఖాస్తు వెనక్కి తీసుకో. వాక్యమంతా తీసేయమంటే తీసేస్తాను. ఆ రోజు ఊసే తీసేస్తాను.

మెర్విన్


నార్ఫోక్
1971 జూన్ 14

తమ్ముడు మెర్విన్‌కి,

మూడు నెలలుగా రాయలేదు, కోపంలో ఉన్నాననుకోకు. వేసవి యూనిఫాంల కాలం, కొట్టులో ఊపిరి తిరగడం లేదు. నీ గుండె ఎలా ఉంది? నడీన్‌ని ఉప్పు తగ్గించమను.

నిన్న గేట్‌వుడ్ మళ్ళీ వచ్చాడు. నడుము ఇంకో అంగుళం పెరిగింది. మీ తమ్ముడు రాస్తున్న పుస్తకంలో అందరి గొప్పా ఉంది, రాసేవాడి గొప్పే లేదు అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. కెప్టెన్ ఆఫీసులో మీరంతా ఎంత చాకిరీ చేశారో, ఎన్ని టైపు మిషన్లుండేవో, ఒక్కో దాడికి ఎన్ని కాగితాలు కొట్టేవారో ఎవరికి తెలుసు? ముఖ్యంగా ఆ కొరియా నాటి అక్టోబరు. నువ్వూ, ఆ బక్కపల్చని బిక్స్‌బీ అనే కుర్రగుమాస్తా కలిసి లాక్కొచ్చారు కదూ? నాకు రాసి పంపు. గేట్‌వుడ్‌కి చూపిస్తాను.

మీ అక్క,
ఒలీటా


శాన్‌డియాగో
1971 జూన్ 25

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చూసి ఎంత తేలికపడ్డానో చెప్పలేను. నడీన్‌కి రెండుసార్లు చదివి వినిపించాను. మా అక్క కోపం పాలపొంగు, ఇట్టే పొంగి ఇట్టే చల్లారుతుంది అన్నాను.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. మనమే చెప్పుకుంటే డబ్బా కొట్టుకున్నట్టుంటుందని ఊరుకున్నాను గానీ, ఆ అక్టోబరులో నేను చేసిన పని నలుగురు చేసే పని. బిక్స్‌బీ ఎక్కడున్నాడు? తొమ్మిదో తారీఖునే పేగు వాచి జపానులో ససెబో ఆసుపత్రికి పోయాడు. నెలాఖరుకి గానీ రాలేదు. ఆ మూడు వారాలూ ఆఫీసులో నేనొక్కణ్ణే. తలుపు తాళంచెవి నా మెడలో గొలుసుకి. ఇంకో మనిషి ఆ గదిలో కాలుపెట్టడానికి వీల్లేదు, అన్నీ రహస్య కాగితాలే. ఉన్న రెండు మిషన్లలో ఒకటి పాడైంది. రెండోదాని మీదే దాడి ప్రణాళిక నూట నలభై పేజీలు ఒక్క తప్పు లేకుండా కొట్టాను. కెప్టెన్ స్వయంగా వచ్చి భుజం తట్టారు.

ఇదంతా గేట్‌వుడ్‌కి చూపించు. నా అంతట నేను రాసుకుంటే బాగుండదు, ఆయన పేరుతో రెండు పేరాలు వేద్దాం.

నీ తమ్ముడు,
మెర్విన్


నార్ఫోక్
1971 జులై 5

మెర్విన్,

కోర్టు కాగితాలు జూన్ 3న వచ్చాయి. నీకు తీపి ఉత్తరం రాసేటప్పటికే అవి నా బల్ల మీదున్నాయి.

ఆ లాగ్‌బుక్ పేజీ ఫొటో నకలు అందులో ఉంది. 1951 అక్టోబరు 13, ఉదయం నాలుగు నుంచి ఎనిమిది దాకా. ప్రతి వరుసకీ ముందు టైము. మీ నేవీ లెక్కలో టైము నాలుగంకెలు కదా, పొద్దున్నపూట ప్రతి టైమూ సున్నాతోనే మొదలు. 0405, 0420, 0621. పేజీ నిండా సున్నాలే. గుండ్రంగా, బోసిగా, కోడిగుడ్ల బుట్టలా.

మీ బావ నేవీలోంచి బయటికొచ్చాక రేడియో గది పాత మిషన్ ఒకటి కొనుక్కున్నాడు, గుర్తుందా? అదొక్కటే ఆయనకి తోడు. పచారీ సామాన్ల చీటీ కూడా దాని మీదే కొట్టేవాడు. ఆ మిషన్ మీద సున్నా కొడితే మధ్యలో అడ్డగీతతో పడుతుంది. ఎందుకలా అని అడిగితే చెప్పాడు, రేడియో గదిలో అన్ని మిషన్లూ అంతే, సున్నాని ఇంగ్లీషు అక్షరం 'O' అనుకుని ఎవరూ పొరబడకుండా అని. గీత లేని సున్నా రేడియో గదిలో పుట్టదు. ముందు పేజీ, వెనక పేజీ కూడా నకలు తెప్పించాను. వాటిలో ప్రతి సున్నాకీ గీత ఉంది. ఈ ఒక్క పేజీకే లేదు.

రేడియో మనిషై ఉంటే చూడగానే పట్టుకునేవాడు. కోర్టులో కూర్చున్నవాళ్ళు అధికారులు, వాళ్ళు ఏనాడూ తమ చేత్తో టైపు కొట్టినవాళ్ళు కారు. దొంగపని చేసినవాడు కూడా రేడియో మనిషి కాదు. ఆఫీసు మిషన్ మీద పని చేసేవాడు. తాళంచెవి మెడలో వేసుకు తిరిగేవాడు. బిక్స్‌బీ ఆసుపత్రిలో ఉన్న వారంలో, ఇంకో మనిషి కాలు పెట్టని గదిలో, ఒక్క తప్పు లేకుండా కొట్టేవాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను కోర్టు కాగితాలనగానే మార్చిలో ఎందుకు గింజుకున్నావో ఇప్పుడు తెలిసింది.

ఆ డిసెంబరుకల్లా నీకు ఇక్కడ ఒడ్డు మీద ఉద్యోగం వచ్చింది. హోదా పెరిగి చీఫ్‌ అయ్యావు. ఆ పట్టీలు నీ చేతికి కుట్టింది నేనే. అదే వారం మీ బావ పట్టీలు ఊడదీశాను. ఒకే బల్ల, ఒకే కత్తెర. ఆ క్రిస్మస్‌కి మా ఇంట్లో కూర్చుని పీతల కూర రెండుసార్లు పెట్టించుకు తిన్నావు. ఆయన నీ ఎదురుగా కూర్చుని ఉన్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని చూశాను గానీ, వాసాలు పీకి అమ్ముకున్నవాణ్ణి నిన్నే చూశాను.

ఎవరు చేయమన్నారు, ఎందుకు చేశావు, అంతా రాయి. అబద్ధం ఒక్క ముక్క రాసినా ఈ కాగితాలు పట్టుకుని శాన్‌డియాగో బస్సెక్కుతాను.

ఒలీటా


శాన్‌డియాగో
1971 ఆగస్టు 2

అక్కా,

నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

బావ నిద్రపోలేదు. సందేశం 5:52కి వచ్చింది. బావ రాసుకుని, 5:53కి హోల్‌కాంబ్ చేతికిచ్చాడు. అధికారి సంతకం లేనిదే ఏ మాటా ఓడ దాటకూడదు, అది నియమం. హోల్‌కాంబ్ గుడ్లు తింటున్నాడు. బోట్లు ముందే రావడమేమిటి, అవెప్పుడూ ఆలస్యమేగా అని నవ్వి, కాగితం పళ్ళెం కింద పెట్టాడట. ఓడ మీదున్న అప్పటి అడ్మిరల్ గడ్డం గీసుకోవడం అయ్యాక చూపిద్దామనుకున్నాడట. 6:20 దాటాక ఫిరంగుల మోతలో ఎవరో అరిచారు, మన బోట్లు, మన బోట్లు అని. అప్పుడు సంతకం పెట్టాడు.

ఆ మధ్యాహ్నం పేజీ పట్టుకుని నా గదికి వచ్చాడు. తలుపు వేశాడు. "పికార్డ్, నేనొక్కణ్ణి మునిగితే ఫరవాలేదు, నాతోపాటు స్టాఫంతా మునుగుతుంది. స్ట్రౌడ్‌కి ఏమవుతుంది? ఒక పట్టీ పోతుంది, ఏడాదిలో తిరిగొస్తుంది. నువ్వు మాత్రం నీ భార్య దగ్గరుంటావు" అన్నాడు. నడీన్ అప్పుడు ఏడో నెల. అంతకుముందు ఇద్దరు బిడ్డలు పోయారు, నీకు తెలుసు. నేను కూర్చున్నాను. కొట్టాను. పావుగంట పట్టింది. పాత పేజీ ఆయనే జేబులో పెట్టుకున్నాడు.

ఒక్క పట్టీ అనుకున్నాను అక్కా. రెండు తీస్తారనుకోలేదు. తర్వాత చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. రోజులు గడిచేకొద్దీ నోరు రాలేదు. ఆ క్రిస్మస్ నాడు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. బావ నాకు రెండోసారి వడ్డిస్తుంటే వద్దనడానికి ధైర్యం లేక తిన్నాను.

నలభై ఒకటో పేజీ తీసేస్తాను. బావ ఎంత గొప్ప ఆపరేటరో ఒక పేజీ రాస్తాను. ఈ ఉత్తరం చదివి కాల్చెయ్. పిల్లలకి తెలిస్తే నేను బతకలేను.

మెర్విన్


నార్ఫోక్
1971 ఆగస్టు 11

మెర్విన్,

కాల్చలేదు. నా కుట్టుమిషన్ సొరుగులో ఉంది.

నువ్వు ఒకటి చెప్పావు కాబట్టి నేనూ ఒకటి చెప్తాను, ఇది ఎవరికీ చెప్పలేదు. పదహారేళ్ళపాటు మీ బావ "ఆ పేజీ నాది కాదు" అంటూనే ఉన్నాడు. నేను నమ్మలేదు. కోర్టులో అంతమంది అధికారులు తేల్చాక, తమ్ముడు కూడా అక్కడే ఉన్నాడు కదా, నిజమైతే వాడు చెప్పడా అనుకున్నాను. నిద్రపోయాను అని ఒప్పేసుకో వెండెల్, నీ మనసు తేలికపడుతుంది అని ఆయన్ని ఎన్ని రాత్రులు సాధించానో. ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద, నా మనసు కుదుటపడుతుందని కాబోలు, "సరే ఒలీటా, నిద్రపోయానేమో" అన్నాడు. చేయని తప్పు నా కోసం ఒప్పుకుని పోయాడు.

నా మొగుణ్ణి నేను నమ్మకుండా చేసింది నువ్వు. నువ్వక్కడున్నావు కాబట్టే నమ్మలేదు. పట్టీలు తీసేసినందుకు హోల్‌కాంబ్‌ని చాలు అనేదాకా ఏడిపిస్తే నా కడుపుమంట తీరుతుంది. ఆయన్ని నమ్మనివ్వనందుకు మాత్రం నువ్వు తప్ప ఎవరూ బదులు చెప్పలేరు.

నలభై ఒకటో పేజీ తీసెయ్యడానికి వీల్లేదు. అక్కడే, ఆ తారీఖు కిందే, నిజం రాయి. రెండు పేర్లుండాలి. కాగితం పళ్ళెం కింద పెట్టినవాడిది, పేజీ మార్చి కొట్టినవాడిది. నీ చేత్తో కొట్టి, నీ సంతకంతో సెప్టెంబరు ఆఖరులోగా గేట్‌వుడ్‌కి పంపు. అక్టోబరు 13న కలయికలో నీ నోటితో చదువు. అప్పుడు నా ఇంటికి రా. తలుపు తీస్తానో లేదో చెప్పలేను గానీ, తట్టడానికి మాత్రం నీకు హక్కుంటుంది.

ఒలీటా


శాన్‌డియాగో
1971 సెప్టెంబరు 27

అక్కా,

పేజీ గేట్‌వుడ్‌కి పంపాను. నకలు ఇదిగో:

"1951 అక్టోబరు 13. కాల్పులు ఆపమన్న సందేశాన్ని రేడియో ఆపరేటరు వెండెల్ స్ట్రౌడ్ 5:52కి అందుకుని, నిమిషం ఆలస్యం లేకుండా లెఫ్టినెంట్ హోల్‌కాంబ్‌కి అందజేశాడు. లెఫ్టినెంట్ హోల్‌కాంబ్ దాన్ని అరగంట తన దగ్గర ఉంచుకున్నాడు. మన గుళ్ళకే పందొమ్మిది మంది చనిపోయారు. తర్వాత లెఫ్టినెంట్ ఆజ్ఞ మీద ఒక గుమాస్తా లాగ్‌బుక్ పేజీని మార్చి కొట్టాడు. ఆపరేటరు స్ట్రౌడ్‌కి శిక్ష అన్యాయంగా పడింది."

"ఒక గుమాస్తా" అని రాశాను. నిజమే కదా, ఒక గుమాస్తానే. బావ పేరు కడిగాను. హోల్‌కాంబ్‌ని నీ చేతికిచ్చేశాను. ఇది అచ్చయితే ఆయన తలెత్తుకోలేడు, నన్నూ బతకనివ్వడు. అయినా ఇచ్చేశాను. ఇక నన్ను వదిలెయ్. నడీన్‌కి ఇప్పటికీ తెలియదు. నా కూతురు ఇంకా కాలేజీలో చదువుతోంది. ఈ ఊళ్ళో నాకొక మర్యాద ఉంది.

కలయికకి రాలేను. డాక్టరు ప్రయాణం వద్దన్నాడు.

ఒకే కడుపున పుట్టాం. దాని కోసమైనా.

మెర్విన్


నార్ఫోక్
1971 అక్టోబరు 14

మెర్విన్ పికార్డ్‌కి,

నిన్నటి కలయిక ఎలా జరిగిందో రాసేవాళ్ళు నీకు వేరే ఉండరు, అందుకని నేనే రాస్తున్నాను.

నీ పేజీ వచ్చిన రోజే గేట్‌వుడ్ నా కొట్టుకి తెచ్చాడు. "ఎవరమ్మా ఈ గుమాస్తా?" అన్నాడు. సొరుగులోంచి నీ ఆగస్టు ఉత్తరం తీసి చేతిలో పెట్టాను. నిలబడే చదివాడు, తర్వాత కూర్చుని మళ్ళీ చదివాడు. నలభై ఏళ్ళు సముద్రం మీద ఉన్న మనిషి, అంత పెద్ద పొట్ట వేసుకుని నా ముందు ఏడ్చాడు. "నీ మొగుడు వీధిలో ఎదురైతే నేను అవతలి పక్కకి తప్పుకునేవాణ్ణి" అన్నాడు. తప్పుకునేవాడివి, చూశాను అన్నాను. ప్రెస్సుకి ఇద్దరం కలిసే వెళ్ళాం. "ఒక గుమాస్తా" కొట్టేసి నీ పూర్తి పేరు వేయించాం. పుస్తకం నిన్న పొద్దున్నే వచ్చింది. ఇంకా సిరావాసన పోలేదు.

హాలులో రెండువందల మంది ఉన్నారు. హోల్‌కాంబ్ తెల్ల యూనిఫాంలో, గుండె నిండా పతకాలతో వచ్చాడు. ముందుమాట చదవమంటారనుకుని లేచాడు. గేట్‌వుడ్ పుస్తకం నలభై ఒకటో పేజీ దగ్గర తెరిచి, "ఇది చదవండి సార్, అందరికీ వినబడేట్టు" అన్నాడు. తారీఖు దగ్గర్నుంచి గొంతెత్తి చదివాడు. తన పేరు రాగానే ఆగాడు. "ఇదెవరి చెత్త?" అన్నాడు.

"మీ గుమాస్తాది సార్. ఇదిగో ఉత్తరం, ఇదిగో కోర్టులో పెట్టిన పేజీ. సున్నాలు చూడండి. ఇక్కడ పాతికమంది రేడియోవాళ్ళున్నారు, వాళ్ళ చేతికిమ్మంటారా?" అన్నాడు గేట్‌వుడ్.

ఆ పేజీ, దాని వెంట నీ ఉత్తరం బల్లబల్లకీ తిరిగాయి. రేడియో మనుషులు ఒక్కొక్కరే చూసి, సున్నాల మీద వేలు పెట్టి పక్కవాడికిచ్చారు. హోల్‌కాంబ్ టోపీ పెట్టుకుని తలుపువైపు నడిచాడు. అడ్మిరల్ లేస్తే లేచి నిలబడడం వీళ్ళ ఎముకల్లో ఉంది, ఆ సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఒక్కడూ లేవలేదు. ఆయన నడిచినంతసేపూ కుర్చీ కదిలిన చప్పుడు కూడా లేదు. ఒకడు మాత్రం, నోరు మూసుకోలేని కెంటకీవాడు, "గుడ్లు తిన్నారా సార్?" అన్నాడు. నేను నవ్వాను. ఇరవై ఏళ్ళలో అంత హాయిగా నవ్వలేదు, దానికి నాకేం సిగ్గు లేదు.

ఆ తర్వాత మృతుల పేర్లు. ఓడని కోసేముందు గంట ఒక్కటే ఊడదీసి సంఘానికిచ్చారు, దాన్ని హాలు మధ్య వేలాడదీశారు. పద్ధతి నీకు తెలిసిందే. పోయిన నావికుడి పేరు వాళ్ళింటి మనిషి లేచి చదవాలి, చదవగానే ఒక దెబ్బ. నాలుగేళ్ళుగా వెండెల్ స్ట్రౌడ్ పేరు చదవడానికి నన్నెవరూ పిలవలేదు. నిన్న పిలిచారు. లేచి చదివాను. గంట మోగింది. రెండువందల మందీ లేచి నిలబడ్డారు, నేను కూర్చోమనేదాకా కూర్చోలేదు.

అయితే నేను కూర్చోలేదు. మా ఇంట్లో ఇంకో పేరుంది అన్నాను. మెర్విన్ పికార్డ్ అని చదివాను.

గంట దగ్గరున్నాయన చెయ్యి ఆగిపోయింది. గేట్‌వుడ్‌కేసి చూశాడు. "ఆయన బతికే ఉన్నాడు కదమ్మా?" అన్నాడు.

"మా ఇంటివాణ్ణి గురించి నేను చెప్తున్నాను. కొట్టు" అన్నాను.

గేట్‌వుడ్ టోపీ తీశాడు. గంట దగ్గరున్నాయన కొట్టాడు.

నడీన్‌కి నా సానుభూతి తెలియజెయ్.

ఒలీటా స్ట్రౌడ్